చీలమండ బెణుకు: కారణాలు, తీవ్రత, రైతులు తీసుకోవలసిన జాగ్రత్తలు



ఖరీఫ్ పనులు మొదలైన దగ్గర్నుంచి గట్ల మీద, దమ్ము చేసిన మళ్లలో, కాలువల వెంట నడక ఎక్కువవుతుంది. గట్లు వానకు నాని జారుతుంటాయి. ఎలుక కన్నాలు, పీత బొరియలు గడ్డి కింద కనపడవు. తల మీద నారు కట్టలో, వీపున స్ప్రేయరో ఉంటుంది. ఒక్క అడుగు పక్కకు పడితే చాలు, కాలు మడతపడి చీలమండ బెణుకుతుంది.

పైరు మీద మచ్చ కనపడితే ఆకు తెంపుకుని వచ్చి మమ్మల్ని అడుగుతారు. కాలు బెణికితే మాత్రం చాలామంది ఎవరినీ అడగరు. "బెణుకే కదా, నాలుగు రోజుల్లో అదే పోతుంది" అనుకుని గుడ్డ చుట్టుకుని మళ్లీ పొలంలోకి దిగుతారు. చిన్న బెణుకులు వాటంతట అవే తగ్గే మాట నిజమే. నష్టం రెండు చోట్ల జరుగుతుంది. ఒకటి, ఎముక విరిగినా బెణుకే అనుకుని వారాల తరబడి తోమించుకోవడం. రెండు, లోపల గాయం మానకముందే బరువు పనికి వెళ్లి, ఆ కాలు పదే పదే మడతపడేలా చేసుకోవడం. కూలీలను పెట్టి పని చేయించుకునే స్తోమత లేని చిన్న రైతుకు ఈ రెండూ పెద్ద దెబ్బలే.

నేను వ్యవసాయ విస్తరణ అధికారిని, వైద్యుణ్ని కాను. పరీక్ష చేసి చికిత్స చెప్పవలసింది డాక్టరే. అయితే ఏ దెబ్బకు ఇంటి దగ్గర జాగ్రత్తలు సరిపోతాయి, ఏ దెబ్బకు అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి అనేది ప్రతి రైతూ తేల్చుకోగలగాలి. ఈ వ్యాసం ఉద్దేశం అదే.

చీలమండలో ఏముంటుంది?

మోకాలి కింద రెండు ఎముకలు ఉంటాయి. లోపలి వైపు లావుగా ఉండేది టిబియా, బయటి వైపు సన్నగా ఉండేది ఫిబులా. ఈ రెండింటి కింది చివరలే మన చీలమండకు అటూ ఇటూ చేతికి తగిలే గుబ్బలు. ఆ రెండు గుబ్బల మధ్య పాదానికి చెందిన టాలస్ అనే ఎముక ఇమిడి ఉంటుంది.

ఈ ఎముకలు విడిపోకుండా కట్టి ఉంచే గట్టి పీచు పట్టీలను లిగమెంట్లు అంటారు. వీటిని కీలు కట్లు అనుకోవచ్చు. బయటి గుబ్బ నుంచి పాదానికి ఇలాంటివి మూడు ఉంటాయి. లోపలి వైపు వెడల్పుగా, బలంగా ఒక కట్టు ఉంటుంది. పాదం హద్దు దాటి మడతపడినప్పుడు ఈ కట్లు సాగడం లేదా తెగడమే బెణుకు. నరం పక్కకు జరగడం కాదు. కీలు తప్పడమూ కాదు. అందుకే గట్టిగా లాగితేనో, తోమితేనో "సర్దుకునేది" అందులో ఏమీ ఉండదు.

పాదం ఎక్కువగా లోపలికే ఎందుకు మడతపడుతుంది?

మీ చీలమండను ఒకసారి తడిమి చూసుకోండి. బయటి గుబ్బ లోపలి గుబ్బ కంటే కిందికి దిగి ఉంటుంది. కాబట్టి పాదం బయటికి తిరగబోతే ఆ ఎముక అడ్డుపడుతుంది. లోపలికి తిరిగితే అంత అడ్డు ఉండదు. పైగా బయటి వైపు కట్లు లోపలి కట్టంత బలమైనవి కావు. అందుకే బెణుకుల్లో అత్యధిక భాగం అరికాలు లోపలి వైపుకు తిరిగి, బయటి గుబ్బ ముందు కింద నొప్పి వచ్చే రకమే. బయటి మూడు కట్లలో ముందు వైపుది బలహీనమైనది. మొదట దెబ్బతినేది సాధారణంగా అదే.

ఇంకో సంగతి. టాలస్ ఎముక ముందు వైపు వెడల్పుగా, వెనక వైపు సన్నగా ఉంటుంది. పాదం వేళ్లు కిందికి వాలినప్పుడు సన్న భాగం గుబ్బల మధ్యకు వచ్చి కీలు వదులవుతుంది. గట్టు దిగేటప్పుడు, ట్రాక్టరు మీద నుంచి దూకేటప్పుడు పాదం ఉండేది ఇదే భంగిమలో. ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడు ఎక్కువ జాగ్రత్త అవసరం అనడానికి కారణం ఇదే.

పొలం పనుల్లో బెణుకుకు దారితీసే కారణాలు

* గట్లు: ప్రతి ఏటా చెక్కీ చెక్కీ గట్టు సన్నబడిపోతుంది. రెండు పాదాలు పక్కపక్కన పట్టని గట్టు మీద తడబడితే నిలదొక్కుకోవడానికి చోటుండదు.
* కన్నాలు, బొరియలు: పైన గట్టిగా కనపడే మట్టి కింద డొల్లగా ఉంటుంది. మడమ దిగబడి పాదం ఒరిగిపోతుంది.
* నల్లరేగడి నెర్రెలు: పత్తి, శనగ పొలాల్లో ఎండకు నేల నెర్రెలు విచ్చుతుంది. ఎండుటాకు కప్పేసిన నెర్రె కంటికి కనపడదు.
* మోళ్లు, గడ్డలు: చెరకు మోళ్లు, కంది మోళ్లు, దుక్కిలో లేచిన పెద్ద మట్టిగడ్డల మీద పాదం సమంగా ఆనదు.
* బరువు: 16 లీటర్ల స్ప్రేయరు నిండుగా ఉంటే వీపు మీద సుమారు 20 కిలోలు ఉన్నట్లే. యూరియా బస్తా 45 కిలోలు, డీఏపీ బస్తా 50 కిలోలు. బరువు మీద ఉన్నప్పుడు అడుగు తడబడితే ఆ బరువంతా కీలు మీదే పడుతుంది. తల మీద గంప, చేతుల్లో మోపు ఉంటే నేల కనపడదు.
* చెప్పులు: అరిగిన హవాయి చెప్పులు తడి గట్టు మీద పాదం కింద నుంచి పక్కకు జారిపోతాయి.
* చీకటి, అలసట: రాత్రిపూట మోటారు దగ్గరకు వెళ్లేటప్పుడు, సాయంత్రం పని ముగించి అలసిన కాళ్లతో ఇంటికి వచ్చేటప్పుడు అడుగులు తడబడతాయి.
* పాత బెణుకు: అన్నిటికంటే బలమైన కారణం ఇదే. ఒకసారి బెణికి సరిగా మానని కాలు మళ్లీ మళ్లీ బెణుకుతుంది. కట్టు సాగి వదులవడం ఒక కారణం. పాదం ఒరుగుతున్న సంగతి పసిగట్టి కండరాన్ని బిగించే గ్రహింపు మందగించడం రెండో కారణం.

తీవ్రత: మూడు స్థాయిలు

బెణుకును డాక్టర్లు మూడు స్థాయిలుగా చూస్తారు. కొబ్బరి పీచుతో పేనిన మోకును గుర్తు తెచ్చుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది.

మొదటి స్థాయి: మోకు సాగింది, ఒకటి రెండు పీచులు తెగాయి. కొద్దిగా వాపు, వేలితో నొక్కితే నొప్పి ఉంటాయి. కుంటుతూనైనా నడవగలుగుతారు. కీలు గట్టిగానే ఉంటుంది. సాధారణంగా ఒకటి నుంచి మూడు వారాల్లో మామూలు పనికి వస్తారు.

రెండో స్థాయి: పీచుల్లో కొంత భాగం తెగింది. వాపు బాగా కనపడుతుంది. ఒకటి రెండు రోజుల్లో చర్మం నీలంగా, ఆ తర్వాత పసుపు పచ్చగా కములుతుంది. కాలు నేల మీద పెడితే బాగా నొప్పి ఉంటుంది. తగ్గడానికి మూడు నుంచి ఆరు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది.

మూడో స్థాయి: మోకు పూర్తిగా తెగింది. మడతపడినప్పుడే "టప్" మని తెగినట్లు కొందరికి తెలుస్తుంది. వాపు త్వరగా వస్తుంది. కాలు మీద బరువు పెట్టలేరు, పెడితే కీలు పక్కకు జారిపోతున్నట్లు ఉంటుంది. కోలుకోవడానికి మూడు నెలలు లేదా అంతకు మించి పట్టవచ్చు. అయినా ఈ స్థాయిలో కూడా చాలామందికి ఆపరేషన్ అవసరం పడదు. సరైన పట్టీ, కసరత్తులతో కుదురుకుంటుంది. ఆ నిర్ణయం ఎముకల డాక్టరు చేయాలి.

నొప్పి ఒక్కదాన్ని బట్టి స్థాయిని అంచనా వేయకండి. కట్టు పూర్తిగా తెగినవారిలో కొందరికి మొదటి రోజు తర్వాత నొప్పి అంతగా ఉండదు. నడవగలుగుతున్నారా, కీలు నిలకడగా ఉందా అన్నవి ముఖ్యం.

ఇంకో రకం బెణుకు కూడా ఉంది. పాదం దిగబడిపోయి, ఒళ్లు మాత్రం గుండ్రంగా తిరిగినప్పుడు టిబియా, ఫిబులాలను కలిపి ఉంచే పై కట్టు దెబ్బతింటుంది. దమ్ము మడిలో కాలు కూరుకుపోయి ఉండగా పక్కకు తిరిగినప్పుడు ఇలా జరగవచ్చు. నొప్పి గుబ్బ కింద కాకుండా చీలమండకు పైన, ముందు వైపు ఉంటుంది. వాపు తక్కువగా ఉన్నా ఇది మానడానికి మామూలు బెణుకు కంటే ఎక్కువ కాలం పడుతుంది. దీన్ని డాక్టరుకు చూపించాలి.

బెణుకా? ఎముక విరిగిందా?

అన్నిటికంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఇది. కెనడాలోని ఒట్టావా నగర వైద్యులు 1992లో దీనికి ఒక తేలికైన పద్ధతిని ప్రచురించారు. ప్రపంచమంతటా ఆసుపత్రుల్లో దీన్ని వాడుతున్నారు. దీని ప్రకారం చీలమండ దగ్గర గానీ పాదం మధ్యలో గానీ నొప్పి ఉండి, కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఎక్స్‌రే తీయించాలి.

1. దెబ్బ తగిలిన వెంటనే నాలుగు అడుగులు వేయలేకపోయారు, ఇప్పుడూ వేయలేకపోతున్నారు. కుంటుతూ వేసినా వేసినట్లే లెక్క.
2. బయటి గుబ్బ చివర గానీ, దాని వెనక అంచు వెంట పైకి 6 సెంటీమీటర్ల వరకు (సుమారు మూడు నాలుగు వేళ్ల వెడల్పు) గానీ ఎముక మీద నొక్కితే నొప్పి ఉంది.
3. లోపలి గుబ్బ దగ్గర కూడా అలాగే నొప్పి ఉంది.
4. పాదం బయటి అంచున, చిటికెన వేలికీ మడమకూ మధ్యలో ఉబ్బెత్తుగా తగిలే ఎముక మీద నొక్కితే నొప్పి ఉంది.
5. పాదం లోపలి వైపు, లోపలి గుబ్బకు కాస్త ముందు, కింద ఉన్న ఎముక మీద నొక్కితే నొప్పి ఉంది.

ఇవేవీ లేకపోతే ఎముక విరిగి ఉండే అవకాశం చాలా తక్కువ. నొక్కి చూసేటప్పుడు వాచిన మెత్తటి చోట కాకుండా ఎముక మీదే వేలు పెట్టాలి.

నాలుగో గుర్తును మన దగ్గర చాలామంది పట్టించుకోరు. చీలమండ మడతపడినప్పుడు పాదం బయటి అంచున ఉన్న ఆ ఎముక కూడా చిట్లవచ్చు. మా మండలంలో ఒక కౌలు రైతు వేరుశనగ పీకే రోజుల్లో కాలు మడతపడితే మూడు వారాల పాటు నూనె రాయించుకుని తోమించుకున్నాడు. అతను నడుస్తూనే ఉన్నాడు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. చివరికి ఎక్స్‌రే తీస్తే చిట్లింది ఆ ఎముకే. మొదటి రోజే ఆ చోట వేలు పెట్టి నొక్కి చూసి ఉంటే తెలిసిపోయేది.

పిల్లలకు, వయసు మీరినవారికి, మందు తాగి ఉన్నవారికి, మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారికి ఈ పరీక్షను ఇంటి దగ్గర చేసి నమ్మకూడదు. వారిని నేరుగా డాక్టరుకు చూపించండి. పెరిగే వయసు పిల్లల్లో ఎముక చివరి మెత్తటి భాగం లిగమెంట్ కంటే బలహీనంగా ఉంటుంది కాబట్టి, బెణుకులా కనపడినా అక్కడ ఎముక దెబ్బతిని ఉండవచ్చు.

ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లవలసిన సందర్భాలు

* పాదం వంకరగా తిరిగిపోయినా, ఎముక బయటికి కనపడినా. దాన్ని సరిచేయడానికి లాగకండి. ఉన్నది ఉన్నట్లుగా కర్రలు, దిండుతో ఆనించి కట్టి 108కు ఫోన్ చేయండి.
* వేళ్లు చల్లబడి పాలిపోయినా, నీలంగా మారినా, తిమ్మిరెక్కినా.
* చర్మం తెగి మట్టి, పేడ తగిలితే. గాయం శుభ్రంగా కడిగి, ధనుర్వాతం ఇంజెక్షన్ గురించి డాక్టరును అడగండి.
* మడమ వెనక ఎవరో కర్రతో కొట్టినట్లు అనిపించి, ఆ తర్వాత మునివేళ్ల మీద లేవలేకపోతే. ఇది బెణుకు కాదు, పిక్క కండరాన్ని మడమకు కలిపే పెద్ద నరం తెగి ఉండవచ్చు.
* దెబ్బ తగిలిన గుర్తే లేకుండా మధుమేహం ఉన్నవారి పాదం ఎర్రగా, వేడిగా వాస్తే. నొప్పి లేకపోయినా సరే.
* చీకట్లో, గడ్డిలో నడుస్తుండగా కాలికి ఏదో అయి వాపు వస్తే. బెణుకు అనుకునే ముందు లైటు వేసి కాటు గుర్తులు, రక్తపు చుక్కలు ఉన్నాయేమో చూడండి. పాము కాటు అని ఏమాత్రం అనుమానం ఉన్నా కాలు కదపకుండా, గట్టి కట్లు కట్టకుండా, తోమకుండా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. గుర్తులు కనపడలేదని మాత్రం ధీమాగా ఉండకండి. కొన్ని పాముల కాటు గుర్తు కంటికి ఆనదు.

మొదటి రెండు మూడు రోజులు ఏం చేయాలి?

పని ఆపండి. కాలు మడతపడిన మడిలోనే "ఈ మునుం అయిపోనీ" అని కొనసాగించడం వల్లే సగం తెగిన కట్టు పూర్తిగా తెగుతుంది. ఒకరి భుజం ఆసరాతో గట్టు మీదికి రండి.

మెట్టెలు, పట్టీలు, కాలి తాడు తీసేయండి. వాపు పెరిగాక అవి రావు. కోయవలసి వస్తుంది. ఒక్కోసారి రక్తం ఆడకుండా బిగుసుకుంటాయి. నాట్లకు వచ్చే ఆడవాళ్లకు ఈ సంగతి తప్పకుండా చెప్పండి.

చల్లదనం పెట్టండి. ఐసు ముక్కలను తువ్వాలులో చుట్టి 15 నుంచి 20 నిమిషాలు పెట్టి తీయండి. రెండు మూడు గంటలకోసారి ఇలా చేయవచ్చు. ఐసును నేరుగా చర్మం మీద పెట్టకండి. ఐసు దొరకకపోతే కుండ నీళ్లలో ముంచిన గుడ్డ వేయండి. పాదంలో స్పర్శ లేనివారు ఐసు వాడకూడదు.

క్రేప్ బ్యాండేజీ చుట్టండి. వేళ్ల మొదలు దగ్గర ప్రారంభించి, మడమ చుట్టూ అటొక చుట్టు ఇటొక చుట్టు వేస్తూ పైకి రండి. వేళ్ల గోళ్లు బయటికి కనపడాలి. గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో మళ్లీ ఎర్రబడాలి. వేళ్లు తిమ్మిరెక్కినా, చల్లబడినా బిగుతు ఎక్కువైనట్లే, వెంటనే వదులు చేయండి. పడుకునేటప్పుడు తీసేయండి.

కాలు ఎత్తులో పెట్టండి. పడుకుని, మడమ గుండె కంటే ఎత్తులో ఉండేలా కింద రెండు దిండ్లు పెట్టుకోండి. కుర్చీలో కూర్చుని కాలు కిందికి వేలాడేస్తే వాపు తగ్గదు.

విశ్రాంతి, ఐసు, కట్టు, ఎత్తు అనే ఈ నాలుగింటి ఇంగ్లీషు మొదటి అక్షరాలు కలిపి "రైస్" పద్ధతి అంటారు. 1978లో అమెరికా డాక్టరు గేబ్ మిర్కిన్ ఈ మాటను వాడుకలోకి తెచ్చారు. అయితే పూర్తి విశ్రాంతి, ఎక్కువ ఐసు గాయం మానడాన్ని ఆలస్యం చేయవచ్చని 2014లో ఆయనే సవరించి చెప్పారు. కాబట్టి ఐసును మొదటి రెండు రోజుల నొప్పి ఉపశమనానికే వాడండి. విశ్రాంతిని కూడా అవసరమైనంతే తీసుకోండి. వారాల తరబడి మంచం పట్టడం మంచిది కాదు.

చేయకూడనివి

* మొదటి రెండు మూడు రోజులు తవుడు కాపడం, ఉప్పు కాపడం, వేడి నీళ్లు వద్దు. వేడికి రక్తం ఆ చోటికి ఎక్కువగా చేరి వాపు పెరుగుతుంది.
* తోమించడం, పాదం పట్టుకుని గుంజడం, "నరం ఎక్కించడం" వద్దు. సగం తెగిన కట్టును ఇవి మరింత తెంపుతాయి.
* చింతాకు పట్టు, పసుపు పట్టు గోరువెచ్చగా, మెత్తగా వేసుకోవాలనుకుంటే ఆ మూడు రోజులు గడిచాక, చర్మం తెగని చోట వేసుకోండి. సున్నం కలిపితే కొందరికి చర్మం బొబ్బలెక్కుతుంది.
* వెదురు బద్దలతో బిగించి కట్టే కట్టు వాచిన కాలికి ప్రమాదం. వాపు పెరిగితే లోపల రక్తం ఆడదు. పుత్తూరు కట్టు అయినా, ఊళ్లో వేసే నాటు కట్టు అయినా, ముందు ఎక్స్‌రే తీయించి లోపల ఏముందో తెలుసుకోవడం తప్పనిసరి.
* నొప్పి తెలియకుండా ఉంటుందని సారా, మందు తాగకండి. మందు మీద నడిచి మరోసారి మడతపడటం మామూలే.

నొప్పి మాత్రల విషయంలో జాగ్రత్త

చాలామందికి పారాసిటమాల్ సరిపోతుంది. పెద్దవారు 500 మిల్లీగ్రాముల మాత్రను ఆరు గంటల ఎడంతో, రోజుకు నాలుగు మించకుండా వేసుకోవచ్చు. కాలేయ జబ్బు ఉన్నవారు, రోజూ మద్యం తాగేవారు డాక్టరును అడగాలి.

డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, అసిక్లోఫెనాక్ లాంటి మాత్రలను మందుల షాపులో సొంతంగా అడిగి తీసుకోకండి. కడుపులో పుండు, రక్తపోటు, గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఇవి హాని చేస్తాయి. ఎండలో చెమటలు కారి ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు ఈ మాత్రలు వేసుకుంటే కిడ్నీల మీద భారం ఇంకా పెరుగుతుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం లాంటి కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ప్రాంతాల రైతులు ఈ మాట మరీ గుర్తుంచుకోవాలి. ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి ఇంజెక్షన్ చేయించుకుని అదే రోజు పనికి వెళ్లడం అన్నిటికంటే చెడ్డది. నొప్పి ఆగినా తెగినది అతుక్కోదు.

కాలుకు మళ్లీ బలం తెచ్చే కసరత్తులు

ఎముక విరగలేదని తేలాక, నొప్పి ఓర్చుకోగలిగినంత వరకు, రెండో మూడో రోజు నుంచే కాలును కదిలించడం మొదలుపెట్టాలి. వీటికి డబ్బు ఖర్చు లేదు. రోజుకు రెండు మూడు సార్లు, ఒక్కోసారి పది నిమిషాలు చాలు.

1. అక్షరాలు రాయడం: కాలు చాపి కూర్చుని, బొటనవేలితో గాల్లో అ నుంచి అః వరకు రాయండి. మోకాలు కదలకుండా పాదం మాత్రమే కదలాలి.
2. పిక్క సాగదీయడం: అరికాలికి తువ్వాలు వేసి రెండు చేతులతో మెల్లగా మీ వైపుకు లాగి 30 సెకన్లు పట్టి ఉంచండి. మూడు సార్లు చేయండి.
3. ట్యూబుతో బలం: పాత సైకిల్ ట్యూబు ముక్కను మంచం కోడుకు కట్టి, రెండో కొసను పాదానికి తగిలించి, పాదాన్ని బయటి వైపుకు మెల్లగా లాగి వదలండి. 10 నుంచి 15 సార్లు చేయండి. వాపు తగ్గాకే ఇది మొదలుపెట్టాలి.
4. మునివేళ్ల మీద లేవడం: గోడ పట్టుకుని మొదట రెండు కాళ్లతో, నొప్పి తగ్గాక ఒంటికాలితో లేవండి.
5. ఒంటికాలి మీద నిలబడటం: గోడ పక్కన దెబ్బ తగిలిన కాలి మీద 30 సెకన్లు నిలబడండి. అలవాటయ్యాక కళ్లు మూసుకుని ప్రయత్నించండి. మొదట్లో ఒళ్లు ఊగుతుంది. పాదం ఒరుగుతున్న సంగతి పసిగట్టే గ్రహింపును తిరిగి తెచ్చేది ఈ కసరత్తే. మళ్లీ బెణకకుండా కాపాడేదీ ఇదే. నొప్పి పోయిందని దీన్ని మానకండి. కనీసం ఆరు వారాలు చేయండి.

వారం రోజులైనా కాలు మీద బరువు పెట్టలేకపోతే, ఆరు వారాలైనా వాపు, నొప్పి పోకపోతే, నడుస్తుంటే కీలు పట్టేసినట్లో జారిపోతున్నట్లో ఉంటే మళ్లీ డాక్టరును కలవండి.

ఏ పనికి ఎప్పుడు వెళ్లవచ్చు?

రోజులు లెక్కపెట్టుకోవడం కంటే కాలిని పరీక్షించుకోవడం మంచిది. గ్రేడింగ్, కాయ ఒలవడం, విత్తన శుద్ధి లాంటి కూర్చుని చేసే పనులు కాలు ఎత్తులో పెట్టుకుని మొదటి వారం నుంచే చేసుకోవచ్చు. చదును నేల మీద కుంటకుండా అరగంట నడవగలిగితే పొలం చూసి రావడం, నీరు కట్టడం లాంటివి చేయవచ్చు. ఒంటికాలి మీద 30 సెకన్లు నిలబడి, అదే కాలితో పది సార్లు మునివేళ్ల మీద లేవగలిగాకే గట్ల మీద బరువు మోయడం, స్ప్రేయరు వేసుకోవడం, దమ్ములో దిగడం మొదలుపెట్టాలి.

నాట్లు, కోతలు ఆగవన్న సంగతి నాకు తెలుసు. అలాంటప్పుడు పక్క రైతుతో బదులు పని మాట్లాడుకోండి. వాళ్లు మీ మందు పిచికారీ చేస్తే, మీరు వాళ్ల వేరుశనగ కాయ ఒలవండి. తప్పనిసరిగా దిగవలసి వస్తే చీలమండకు తాళ్లు ఉండే పట్టీ వేసుకుని, ఎత్తు మడమ పట్టు ఉన్న బూటు తొడుక్కుని, బరువు సగానికి తగ్గించుకోండి. 16 లీటర్ల స్ప్రేయరులో 8 లీటర్లే పోసుకుంటే ట్యాంకులు రెండింతలవుతాయి గానీ కాలు నిలుస్తుంది. మందును కూడా ఆ నీటి కొలతకు తగ్గట్లే కలపడం మరవకండి.

మళ్లీ బెణకకుండా పొలంలో చేసుకోవలసినవి

* వేసవిలోనే నడిచే ప్రధాన గట్టు ఒకదాన్ని ఎంచుకుని, రెండు పాదాలు పట్టేంత వెడల్పు చేసి గట్టిపరచండి. అన్ని గట్లూ వెడల్పు చేయనవసరం లేదు. పెద్ద గట్లలో ఎలుకలు ఎక్కువగా చేరతాయి.
* సాయంత్రం ఎలుక కన్నాలన్నీ మట్టితో మూయండి. మరుసటి రోజు ఉదయం తెరుచుకున్న కన్నాలే ఎలుకలు ఉన్నవి. వాటిలోనే ఎర పెట్టి మళ్లీ మూయండి. ఇది ఊరంతా ఒకేసారి చేస్తే పంటకు మేలు, కాలికీ మేలు.
* గట్టు మీద గడ్డి కోసి పొట్టిగా ఉంచండి. కన్నాలు, పాములు రెండూ కనపడతాయి.
* కాలువ దాటే చోట రెండు తాటి దుంగలు గానీ ఒక సిమెంటు పలక గానీ వేయండి. దూకి దాటవద్దు.
* ట్రాక్టరు, ట్రాలీ మీద నుంచి వెనక్కు తిరిగి, పట్టుకుని, ఒక్కో అడుగు దిగండి.
* పొడి నేల మీద మడమ పట్టు ఉన్న బూట్లు వాడండి. అడుగు అరిగిన చెప్పులను పొలానికి వాడకండి.
* రాత్రి వెళ్లేటప్పుడు టార్చిలైటు కాళ్ల ముందు పడేలా పట్టుకోండి. చేతికర్రతో ముందు నేల తట్టుతూ నడవండి.

ముఖ్యంగా గుర్తుంచుకోవలసినవి

* నాలుగు అడుగులు వేయలేకపోతే, ఎముక మీద నొక్కితే నొప్పి ఉంటే ఎక్స్‌రే తప్పనిసరి.
* మొదటి మూడు రోజులు చల్లదనం, మెత్తటి కట్టు, ఎత్తు. తోమడం, గుంజడం, కాపడం వద్దు.
* ఎముక బాగుందని తేలాక కసరత్తులు ఆరు వారాలు.
* ఒంటికాలి మీద నిలబడలేని కాలితో బరువు మోయవద్దు.

ఈ నాలుగు మాటలను మీ ఇంట్లో వాళ్లకు, మీ పొలానికి వచ్చే కూలీలకు కూడా చెప్పండి. కాలు బెణికిన మనిషి మడిలో ఉంటే ముందు గట్టు మీదికి తెచ్చి కూర్చోబెట్టండి. మిగిలిన నాటు రేపు వేసుకోవచ్చు.